అముద్రితమైన యొక కృతి: ఎస్. రావు కొసరాజుగారి పరిశోధన రచనలు, వాని ప్రభావము

తెలుగు వాఙ్మయమున కృతి నశించియు కర్తపేరు నిలిచిన సందర్భములు పెక్కులు కలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళిలోని పద్యములలో చాలభాగము మనకు నేడు లభింపని కావ్యములలోనివి. పెదపాటి జగన్నాథకవివంటి సంధాతలు పద్యము నెత్తి వ్రాసికొనునపుడు ప్రక్కన కర్తపేరు కూడ చేర్చియుండనిచో, ఆ కవులలో పలువురు ఉండిరని చెప్పుటకే మనకు ఆధారము మిగిలియుండదు. లక్షణగ్రంథములలోని లక్ష్యపద్యముల విషయమును ఇట్టిదే. కావ్యము కవిని నిలుపవలసినది పోయి, మరియొకడు నిజాయితితో వ్రాసిన పేరు కవిని నిలిపినది.

ఇది తాళపత్రముల కాలమునకు మాత్రమే చెల్లిన మాటయని మనము తలంతుము. కాని అచ్చునకు కొదువలేని అమెరికాదేశమున, 1978వ సంవత్సరమున, మన కృష్ణా డెల్టానుండి వెడలిన యొక ఆచార్యుని విషయమున సరిగా నిట్లే జరిగినది. ఆయన ఎస్. రావు కొసరాజు. రేపల్లె ప్రాంతమునందలి గూడవల్లిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టమును, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఉన్నతపట్టమును పొంది, 1969లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గ్రహించి, బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము కంప్యూటరు శాస్త్రాచార్యులుగా నుండిరి. ఆయన పేరు ప్రపంచమున ఏ కృతిచే మిక్కిలి ప్రసిద్ధమైనదో, ఆ కృతి ఆయన ప్రచురించిన రచనల పట్టికలో లేదు. ఆయన దానిని ప్రచురింపలేదు.

తెలుగు శాఖలో పాఠము చెప్పుకొను నావంటివాడు ఈ విషయమున తలదూర్చుట సాహసమే. అయినను దీనిలోని ప్రశ్న గణితమునకు సంబంధించినది కాదు, కర్తృత్వనిర్ణయమునకు సంబంధించినది. అది మన వృత్తియే. అదియుగాక 2010లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము అధ్యాపకుల రచనలకు మార్కులు నిర్ణయించి ఏ.పి.ఐ. అను కొలతను ప్రవేశపెట్టిన పిమ్మట, పరిశోధకుని విలువ అతని పట్టిక పొడవులో నున్నదను భావము మన విద్యార్థులలో బలముగా నాటుకొనిపోయినది. ఆ భావమును పరీక్షించుటకు కొసరాజుగారి చరిత్రకంటె తగిన నిదర్శనము నాకు కానరాలేదు.

మొదట పేరును గూర్చి యొకమాట. తెలుగు పాఠకునకు 'కొసరాజు' అనగానే స్మృతికి వచ్చువారు బాపట్ల సమీపమున అప్పికట్లలో జన్మించిన గీతకర్త కొసరాజు రాఘవయ్యచౌదరిగారు. మనకు ఇంటిపేరు ముందు, అదియు పొడియక్షరముగా. పాశ్చాత్యులకు అది చివర, సంపూర్ణముగా. కావుననే అమెరికాలో ఆచార్యులవారి స్వనామము 'ఎస్. రావు'గా కుదించుకొనిపోగా, ఇంటిపేరు శాస్త్రమున కెక్కినది. నేను ఎరిగిన యొక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులను 'ఈ కొసరాజు ఎవరు?' అని యడిగితిని. పరీక్షలో ఆ పద్ధతిని తప్పులేకుండ వ్రాసిన పిల్లలే. ఒకడు జపానువాడనెను, మరియొకడు ఇటలీవాడేమోననెను. ఆంగ్లలిపిలో చదివి వారు దానిని 'కోసరజు' అనుచుండిరి. రేపల్లెకు కొన్ని క్రోసుల దూరమున కూర్చుండి వారట్లు చదువుచుండుట నాకు నవ్వును, కొంత ఖేదమును కలిగించినది.

ఆ పద్ధతి యెట్టిదో స్థూలముగా తెలిసికొందము. తెనాలినుండి రేపల్లెకు, రేపల్లెనుండి బాపట్లకు, బాపట్లనుండి తెనాలికి ఒక్కొక్క దారి యున్నదనియు, ప్రతిదారియు ఒకవైపునకే పోవుననియు ఊహింపుడు. రేపల్లెనుండి నిజాంపట్నమునకు ఇంకొక దారి యున్నది. అచటినుండి మాత్రము తిరిగివచ్చు దారి లేదు. ఇప్పుడు తెనాలి, రేపల్లె, బాపట్ల మూడును ఒక్క గుంపు. ఏ యూరినుండి బయలుదేరినను తక్కిన రెంటికి పోయి మరల రావచ్చును. నిజాంపట్నము వేరొక గుంపు. ఊళ్లు నాలుగే యైనచో ఇది కంటితో చూచి చెప్పవచ్చును. ఊళ్లు లక్షలు, దారులు కోట్లు అయినపుడు గుంపులను వేరుచేయుట యెట్లు? రాబర్ట్ టార్జాన్ అను శాస్త్రజ్ఞుడు 1972లో దీనికి మార్గము చూపెను. ఊళ్ల సంఖ్యయు దారుల సంఖ్యయు ఎంతయో అంతకు అనుపాతముగనే శ్రమ పెరుగునట్టి మార్గమది. ఒకే నడకలో పని ముగియును గాని, నడచుచున్నంతసేపును ప్రతియూరికిని లెక్క యొకటి పెట్టుకొనుచు, దానిని దిద్దుకొనుచు పోవలెను.

కొసరాజుగారి మార్గమున నడకలు రెండు. మొదటి నడకలో ఏ యూరిలో దారులన్నియు ముగిసిపోయినవో ఆ క్రమమును వ్రాసికొనవలెను. పై యుదాహరణమున తెనాలిలో బయలుదేరినచో మొదట ముగియునది బాపట్ల, పిదప నిజాంపట్నము, తరువాత రేపల్లె, అన్నిటికంటె చివర తెనాలి. అనంతరము దారులన్నిటిని తలక్రిందులు చేయవలెను. పోవు దారి వచ్చు దారి యగును. చివర ముగిసిన యూరితో మొదలిడి మరల నడచినచో, తెనాలినుండి బాపట్లకు, అచటినుండి రేపల్లెకు చేరుదుము, అంతటితో ఆగిపోవుదుము. అది యొక గుంపు. మిగిలిన నిజాంపట్నము తనకు తానే యొక గుంపు. ఇంతే. మొదటిసారి విన్నవాడు 'ఇది నిజముగా సరిపోవునా?' అని సందేహించును. కాగితముమీద రెండుమూడు పటములు గీచిన పిదప సందేహము తీరును. పాఠము చెప్పుటకు ఇంతకంటె అనువైనది దొరకదు. ఇది వ్యాప్తి చెందుటకు ప్రధానకారణము ఈ బోధనసౌలభ్యమేయని నా యభిప్రాయము.

కర్తృత్వచరిత్ర యిట్లున్నది. కొసరాజుగారు దీనిని 1978లో వ్రాసి ప్రచురింపక యుంచిరి. ఈ సంగతి యెరుగకయే మీకా షరీర్ అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా దానిని కనుగొని 1981లో ఒక గణిత పత్రికలో ప్రకటించెను. 1983లో ఏహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ అను మువ్వురు తమ పాఠ్యగ్రంథమున ఆ పద్ధతిని వివరించి, అది కొసరాజుగారి అముద్రిత రచనలోనిదని చెప్పిరి. 1990లో మొదట వెలువడి నేటికిని ప్రపంచమంతట చదువబడుచున్న కోర్మెన్ ప్రభృతుల గ్రంథము దానిని గ్రహించి, అధ్యాయాంతమున కొసరాజు, షరీర్ ఇరువురి పేర్లను పేర్కొనినది. కొసరాజు పేరు ప్రక్కన 'అముద్రితము' అను విశేషణము కుండలీకరణమున నుంచినది. సెడ్జ్‌విక్ తన గ్రంథమున దీనిని 'కొసరాజు–షరీర్ పద్ధతి' యనెను. ఈ రెండవ పేరే న్యాయమైనదని నాకు తోచుచున్నది. అచ్చువేసినవాని శ్రమను మరచి, వేయనివానిని మాత్రము కీర్తించుట పరిశోధకులకు తగదు. కాలమున ముందుండుట యొక గుణము. లోకమునకు అందించుట ఇంకొక గుణము. రెండును వేరువేరుగా లెక్కింపదగినవి.

పద్ధతి యొకటియే యైనను ఇరువురికిని సాక్ష్యము ఒకేవిధమైనది కాదనునదియు గమనింపదగినది. షరీరునకు సాక్ష్యము అచ్చుపడిన పత్రము. ఎవరైనను గ్రంథాలయమున తీసి చూడవచ్చును. కొసరాజుగారికి సాక్ష్యము ఇతరుల వాక్యము. ఏహో మొదలగువారు ఆ యొక్క వాక్యము వ్రాయకున్నచో కొసరాజు పద్ధతియను మాటయే పుట్టియుండదు. కావున అముద్రితముగా నుంచుట యొక సద్గుణమని ఈ కథవలన నేర్చుకొన రాదు. జగన్నాథకవి యెత్తి వ్రాయని పద్యములు ఎన్ని గతించినవో మనకు తెలియదు గదా.

ఇక ముద్రితములకు వత్తము. మన శాఖలలో పత్రికావ్యాసమునకు గౌరవము హెచ్చు, సదస్సు పత్రమునకు తక్కువ. ఈ కొలతతో కొసరాజుగారి పట్టికను చూచిన పరిశీలకుడు మోసపోవును. కంప్యూటరు సిద్ధాంతశాస్త్రమున వార్షికసదస్సులే ప్రధానరంగములు. 1969లో మొదలైన 'స్టాక్' సదస్సును, అంతకు పూర్వమే వేరొక పేరుతో ఆరంభమై 1975నుండి 'ఫాక్స్' అను నేటి పేరు వహించిన సదస్సును ఆ శాస్త్రజ్ఞులు అత్యున్నతములుగా భావింతురు. వానిలో పత్రము చదువవలెనన్నచో నిపుణుల పరీక్షకు నిలువవలెను. కొసరాజుగారి పత్రములు స్టాక్ సదస్సులో 1973, 1979, 1981, 1982, 1992, 1995 సంవత్సరములలోను, ఫాక్స్ సదస్సులో 1989, 1994 సంవత్సరములలోను కనబడుచున్నవి. వీనిలో కొన్ని పిదప పత్రికలకెక్కినవి.

1973నాటి పత్రము మరుసటియేట పత్రికలో ప్రకటితమైనది. దాని విషయము ఆనాటి పెద్దవివాదము. ప్రోగ్రాములలో ఇచ్చవచ్చినచోటికి దుముకు ఆజ్ఞ హానికరమని డైక్‌స్ట్రా 1968లో ఖండించెను. బోమ్, జాకొపీని అనువారు 1966లోనే అట్టి యాజ్ఞ లేకుండ ప్రతి ప్రోగ్రామును వ్రాయవచ్చునని నిరూపించియుండిరి. కాని అందు క్రొత్త చలరాశులను చేర్చవలసివచ్చును. చేర్చరాదన్నచో నేమగును? ఒకదానిలో నొకటిగా నున్న ఆవృత్తులలోనుండి ఒకేసారి బయటపడు అనుజ్ఞ ఎన్ని అంతస్తుల వరకు ఇచ్చినచో అంతమేరకే వ్యక్తీకరణశక్తి పెరుగుననియు, ఏ యంతస్తు వద్దను అది నిలిచిపోదనియు కొసరాజుగారు నిరూపించిరి. వ్యాకరణమున ఏ ప్రత్యయము లేకున్నచో ఏ యర్థము చెప్పజాలమో విచారించుట వంటిదిది. అదే 1973లో ఆయన డైక్‌స్ట్రా యొక్క సంకేతయంత్రాంగమునకును, పెట్రీ జాలములకును గల పరిమితులను చూపు ఇంకొక పత్రమును ప్రకటించిరి. పెట్రీ జాలములతో ఆయనకు గల సంబంధము అంతటితో తీరలేదు.

1982నాటి పత్రమున ఆయన చేపట్టినది అప్పటికి పదునాలుగేండ్లలోపు వయసుగల ఒక కఠినసమస్య. కార్ప్, మిల్లరులు 1969లో సమాంతరముగా నడచు ప్రోగ్రాములను వర్ణించుటకు 'వెక్టరు సంకలన వ్యవస్థ'లను కల్పించిరి. పెట్రీ జాలములకు ఇవి రూపాంతరములే. ప్రశ్న యిది: ఒక స్థితినుండి బయలుదేరి, అనుమతింపబడిన అడుగులు మాత్రమే వేయుచు, ఫలానా స్థితికి ఎప్పటికైనను చేరగలమా? అడుగులకు అంతులేదు కనుక నడచి చూచి 'చేరలేము' అని చెప్పుటకు వీలులేదు. 1977లో సాసెర్డోట్, టెన్నీ అనువారు పరిష్కారము ప్రకటించిరి గాని అది అసంపూర్ణమని తేలినది. 1981లో మాయర్ సంపూర్ణపరిష్కారము నొసగెను. అది మిక్కిలి జటిలము. మరుసటియేట కొసరాజుగారు దానిని సరళపరచి వేరొక నిరూపణము నిచ్చిరి. 1992లో లాంబెర్ దానిని మరింత శుభ్రపరచెను.

పిదప నేమైనదో చూడుడు. మూడు దశాబ్దముల తరువాత, 2015లో, లెరూ, ష్మిట్జ్ అను పరిశోధకులు ఈ నిరూపణములలోని అంతస్సూత్రమును వెలికితీసిరి. ఆ విభజనక్రమము నేడు ఐదుగురి పేర్లలోని మొదటి యక్షరములతో కె.ఎల్.ఎమ్.ఎస్.టి. యని వ్యవహరింపబడుచున్నది; మొదటి యక్షరము కొసరాజుగారిది. (అది అక్షరక్రమమే గాని ప్రాధాన్యక్రమము కాదని పాఠపరిష్కర్తలు గమనింతురు గాక.) 2019లో ఆ యిరువురే ఈ విభజనము నాధారముగా గొని ఆ సమస్యయొక్క కాఠిన్యమునకు పైహద్దు చూపిరి; 2021లో చెర్విన్‌స్కీ, ఓర్లికోవ్‌స్కీలును, వేరుగా లెరూయును, క్రిందిహద్దు కూడ అదియేయని తేల్చిరి. ఆ హద్దు ఆకర్‌మన్ ప్రమేయమను నొక బ్రహ్మరాక్షసివంటి సంఖ్యాక్రమము. నాలుగైదు మెట్లలోనే ఊహ కందనంత పెరుగును. అనగా 1982నాటి పత్రమునకు సంపూర్ణఫలము ముప్పదితొమ్మిదేండ్లకు పండినది. మూడేండ్లకో యైదేండ్లకో ఒకసారి చేయు మన మూల్యాంకనములకు ఇట్టి పంట చిక్కదు.

తక్కిన రచనలలో నొకదానిని మాత్రము కొంచెము వివరింతును. పాల్ కల్లహాన్ అను సహకర్తతో 1992లో చదివి, 1995లో విస్తృతరూపమున పత్రికలో ప్రకటించిన పత్రమది. వేయి బిందువులున్నచో వానిలో రెండేసి బిందువుల జతలు 4,99,500. ప్రతిజతకును దూరము కొలువవలెనన్నచో పని మితిమీరును. కాని బాపట్లలోని యొక యింటినుండి తెనాలిలోని యిండ్లన్నిటికిని దూరము సుమారు ఒక్కటియే గదా! ఊరికి ఊరికి ఒక్కసారి కొలిచినచో చాలును. ఇట్లు చాలినంత యెడముగల గుంపుల జతలుగా విభజించినచో, జతల సంఖ్య బిందువుల సంఖ్యకు అనుపాతముగనే యుండునట్లు చేయవచ్చునని వారు నిరూపించిరి. నక్షత్రముల పరస్పరాకర్షణమును గణించుటకు, సమీపబిందువులను వెదకుటకు ఇది సాధనమైనది.

వృక్షాకృతులలో పోలికలు వెదకుటను గూర్చి 1989లోను, పార్క్, స్టైనులతో కలిసి అన్ని పదములను తనలో నిముడ్చుకొన్న హ్రస్వతమపదమును గూర్చి 1994లోను, డెల్చరుతో కలిసి డి.ఎన్.ఏ. తునుకలను కూర్చుటను గూర్చి 1995లోను ఆయన వ్రాసిరి. చివరి రెండును జీవశాస్త్రమునకు సంబంధించిన పనికి వచ్చునవి. ఆ డెల్చరే పిదప ఇతరులతో కలిసి 1999లో సంపూర్ణజన్యురాశులను పోల్చు సాధనము నొకదానిని నిర్మించెను. 1995లోనే కొసరాజుగారు అమెరికాలోని ఏ.సి.ఎం. సంఘమునకు ఫెలోగా ఎన్నికైరి, ఐ.ఇ.ఇ.ఇ. సంఘమును ఆయనకు ఆ గౌరవము నొసగినది.

ఈ పట్టికకు నేటి కొలతలను అన్వయించి చూడవచ్చును. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన హెచ్-సూచిక ప్రకారము, కనీసము పదేసిసార్లు ఉదాహృతములైన రచనలు పది యున్నచో సూచిక పది. ముద్రితములకు ఈ లెక్క కొంత యుపయోగించును. పూర్తిగా త్రోసివేయదగినది కాదు. కాని 1978నాటి రచనకు ఇందు స్థానమెక్కడిది? పత్రము లేదు కనుక దానికి సంఖ్య చేరదు. దానిని వాడుకొన్నవారు పాఠ్యగ్రంథమును ఉదాహరింతురు. సంఖ్య గ్రంథకర్తలకు చేరును. వేలకొలది విద్యార్థులు తమ ప్రోగ్రాములలో ఆ పద్ధతిని వ్రాసి, పైన కొసరాజు పేరు పెట్టుదురు. అది యే సూచికయు చదువదు. సంఖ్యకు అందనిది పేరుకు అందినది. ప్రభావమును కొలుచువాడు రెండు దస్తావేజులను చూడవలెను: కర్త సమర్పించిన పట్టిక యొకటి, ఇతరుల గ్రంథములలో చెదరియున్న ప్రస్తావనలు మరియొకటి. సాహిత్యచరిత్రకారులమైన మనము రెండవదానిని చదువుట యెరుగుదుము. మన సహోద్యోగుల కృషిని విచారించునపుడు మాత్రము మొదటిదానితో తృప్తిపడుచున్నాము.

మూడవ దస్తావేజు శిష్యపరంపర. మిఖాయిల్ అతాల్లా 1983లో కొసరాజుగారి శిష్యుడై డాక్టరేటు పొందెను. గురుశిష్యులు కలిసి వ్రాసిన పత్రము 1984లో వెలువడినది. అతాల్లా పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, మొదట జ్యామితీయగణనమున కృషిచేసి, పిదప కంప్యూటరు భద్రతవైపు మరలెను. 2001లో ప్రోగ్రాములను దొంగలనుండియు వికృతిచేయువారినుండియు రక్షించుటకై స్థాపింపబడిన ఆర్క్సన్ సంస్థకు ఆయన స్థాపకులలో నొకరు. తమ తమ రహస్యములను బయటపెట్టుకొనకుండ ఇరువురు కలిసి గణన చేయుటయెట్లు అను విషయమున ఆయన పత్రములు ప్రసిద్ధములు. ఆయన శిష్యుడు మైకేల్ గుడ్రిచ్ 1987లో పర్డ్యూనుండి డాక్టరేటు పొంది, తిన్నగా పరమగురువు పనిచేయుచున్న జాన్స్ హాప్‌కిన్స్‌కే అధ్యాపకుడుగా వచ్చెను. 1989నాటి ఫాక్స్ సదస్సులో ఆ యిరువురును కలిసి యొక పత్రము చదివిరి. రొబెర్తో తమాస్సియాతో కలిసి గుడ్రిచ్ వ్రాసిన కంప్యూటరు భద్రతా ప్రవేశగ్రంథము 2010లో వెలువడినది.

కొసరాజుగారు స్వయముగా భద్రతాశాస్త్రమున పేరొందినవారు కారు. అయినను ఆ పరంపరలోని పనిని పరికించినచో పూర్వపు ప్రశ్నయే మరల వినబడును. అతాల్లా, బ్లాంటన్, ఫజియో, ఫ్రిక్కెన్ అనువారు అధికారశ్రేణులలో రహస్యకీలకములను పంచుటను గూర్చి చేసిన పరిశోధన దీనికి నిదర్శనము. ఒక కార్యాలయమున పైయధికారికి తన క్రిందివారి దస్త్రములన్నియు తెరచు హక్కు కలదు. క్రిందివానికి పైవాని దస్త్రము తెరచు హక్కు లేదు. ప్రతివానికిని ఒక్క కీలకమే యిచ్చి, దానినుండి క్రిందివారి కీలకములను గణించుకొనునట్లు చేయుట వారి యుద్దేశము. అధికారులు బిందువులు, హక్కులు ఒకవైపునకే పోవు దారులు. ఇట్టి శ్రేణిలో ఎచటను చుట్టు తిరిగి మొదటికి వచ్చు దారి యుండరాదు. ఉన్నచో ఆ చుట్టులోనివారందరికిని హక్కులు సమానములై, వారు వేర్వేరు అధికారులు కాక ఒక్క గుంపగుదురు. తెనాలి, రేపల్లె, బాపట్లలవలె. ఆ గుంపులను ముందుగా వేరుచేయుటకు పనివాడు నేడు పాఠ్యగ్రంథమును తెరచి, దారులను తలక్రిందులు చేసి, రెండవ నడక నడచును.

నిజాంపట్నమువైపు దారి నెంచుకొన్నవాడు తిరిగిరాలేడని పైన ఊహించితిమి. 1978నాటి ఆ వ్రాత కాగితమును అట్లే పోయినదేమో. అచ్చుపడిన ప్రతి మాత్రము లేదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల భాగములతో 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా యేర్పడినది. రేపల్లె అందు చేరినది, తెనాలి గుంటూరులోనే మిగిలినది. ఈ క్రొత్తజిల్లా చరిత్రను వ్రాయబూనిన విద్యార్థి యొకడు ఇటీవల నాయొద్దకు వచ్చి, విద్వాంసుల ప్రకరణమున ఎవరెవరిని చేర్చవలెనని యడిగెను. అతడు తెచ్చిన పట్టికలో అప్పికట్ల కొసరాజు ఉండెను. గూడవల్లి కొసరాజు లేడు. చేర్చుమని చెప్పి, రచనల వరుసలో మొదటిదానికి ఎదురుగా 'అముద్రితము, 1978' అని వ్రాయించితిని.